రాసేది ఒకచోట, చూపేది వేరువేరుగా
(స్వర్ణోత్సవ సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సావనీరు కమిటీ నాకు ఇరవై నిమిషాలు ఇచ్చింది. విషయం కూడా వాళ్లే ఇచ్చారు. “స్వర్ణోత్సవ సంచిక, సంఘం వెబ్‌సైటు, సభ్యుల పట్టిక, ఈ మూడూ ఒకే రాతల్లోంచి తయారుచేస్తున్నారట కదా, అదెలాగో అందరికీ చెప్పండి, రేపు ఈ పని చేతికి తీసుకునేవాళ్లకు పనికొస్తుంది” అన్నారు. భోజనాల ముందు కంప్యూటరు గురించి మాట్లాడే మనిషి మీద ఎవరికీ అంత ప్రేమ ఉండదని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. పైకి ఇది కంప్యూటరు సంగతి. లోపల చూస్తే, మనకు నమ్మి రాసిచ్చినవాళ్లకు ఇచ్చిన మాట నిలబెట్టుకునే సంగతి.

మనందరికీ తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. మన బడి ఆఫీసు గది గుర్తుందా? అక్కడ అడ్మిషన్ రిజిస్టరు ఉండేది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఆనవాలుకు రెండు పుట్టుమచ్చలు, అన్నీ అందులోనే. అది బీరువాలో ఉండేది. హాజరు పట్టీ క్లాసు టీచరు చేతిలో ఉండేది. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వెళ్లి నాన్న సంతకంతో తిరిగొచ్చేది, కొందరి విషయంలో ఎవరి సంతకంతోనో! పబ్లిక్ పరీక్షల ఫలితాలు మాత్రం వరండాలో నోటీసు బోర్డుకు ఎక్కేవి, అదీ నంబర్లతో.

ఒకే పిల్లవాడు, నాలుగు కాగితాలు. ఏ కాగితం ఏ గుమ్మం దాకా వెళ్లొచ్చో ముందే ఖాయమై ఉండేది. గుమాస్తా గారు సెలవు పెట్టి ఆ రోజుకు ఇంకొకరు వచ్చి కూర్చున్నా, అడ్మిషన్ రిజిస్టరు తీసుకెళ్లి నోటీసు బోర్డుకు అంటించరు. ఏర్పాటు అలాంటిది. మనిషి తెలివి మీద, జ్ఞాపకం మీద ఆధారపడలేదు.

కంప్యూటరులోకి వచ్చాక ఆ బీరువా పోయింది. అన్నీ ఒకే ఫోల్డరులో పడి ఉంటాయి. వ్యాసాలు, ఫోటోలు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత విరాళం ఇచ్చారన్న లెక్క, పక్కపక్కనే. ఒక్క మీట నొక్కితే ఫోల్డరుకు ఫోల్డరే ఇంటర్నెట్ ఎక్కుతుంది. నేను చెప్పబోయేదంతా ఆ బీరువాను, ఆ నోటీసు బోర్డును మళ్లీ ఎలా కట్టుకోవాలన్నదే.

దానికి ముందు, అసలు రాతలను ఏ రూపంలో దాస్తున్నామో చెప్పాలి. మన సంఘం పాత సంచికలు కాగితం మీద ఇప్పటికీ చక్కగా చదువుకోవచ్చు. వాటి కంప్యూటరు ఫైళ్లు కొన్ని సీడీల్లో దొరికాయి. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, శతశాతం గుర్తులు, గీతలు, చుక్కలు. ఫైలు పాడవలేదు. ఆ రోజుల్లో తెలుగు డీటీపీ ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవి. ఒక స్థానంలో తలకట్టు, ఇంకో స్థానంలో గుడి, మరోదానిలో వత్తు. ఆ ఫాంటు ఉన్నంతకాలమే అది తెలుగు. ఫాంటు లేని కంప్యూటరుకు అది వట్టి గందరగోళం. అందులో ఒక మాట వెతకాలన్నా దొరకదు.

ఇప్పుడు మనం యూనికోడ్‌లో రాస్తున్నాం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత స్థానాలు దక్కాయి. ‘క’ అంటే ఏ కంప్యూటరులోనైనా ‘క’యే. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుంది, అక్షరం మారదు. మనం ఎక్కువమందిమి వాట్సాప్‌లో రోజూ చేస్తున్నది ఇదే. ఆ యూనికోడ్ తెలుగును ఏ అలంకారం లేని మామూలు టెక్స్ట్ ఫైలులో దాచాం. ఇది తెరవడానికి ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేరే కొనాలని లేదు. ఇరవై ఏళ్ల తర్వాత మన మనవలు ఏ కంప్యూటరు వాడినా, టెక్స్ట్ ఫైలు తెరవలేని పరిస్థితి వస్తుందని నేననుకోను.

మరి శీర్షికలు, బొద్దు అక్షరాలు, పట్టికలు ఎలా? దానికోసం ఆర్గ్ మోడ్ అనే పనిముట్టును వాడుతున్నాం. ఇది ఈమాక్స్ అనే ఉచిత ఎడిటర్‌లో ఒక భాగం. ఈమాక్స్ చాలా పాతది. దాని మూలరూపం 1976 నాటిది. రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన గ్నూ ఈమాక్స్ 1985లో వచ్చింది. ఆర్గ్ మోడ్‌ను 2003లో మొదలుపెట్టినవారు కార్స్టెన్ డొమినిక్. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రవేత్త. సొంత నోట్సు, పనుల జాబితా చక్కబెట్టుకోవడానికి మొదలుపెట్టారు. 2007లో వచ్చిన ఈమాక్స్ 22 నుంచి ఇది ఈమాక్స్‌తో కలిసే వస్తోంది. నక్షత్రాలు చూసే ఆయన పనిముట్టులో శీర్షికకు గుర్తు కూడా నక్షత్రమే. పంక్తి మొదట ఒక నక్షత్రం పెడితే పెద్ద శీర్షిక, రెండు పెడితే ఉపశీర్షిక. పంక్తి మొదట చిన్న అడ్డగీత పెడితే జాబితా. నిలువు గీతలు పెడితే పట్టిక. ఇంతవరకు ఐదో తరగతి పిల్లలకైనా నేర్పవచ్చు.

ఇలా రాసిన ఒకే ఫైలును వెబ్ పేజీగా మార్చవచ్చు, అచ్చుకు వెళ్లే పీడీఎఫ్‌గానూ మార్చవచ్చు. ఒక వ్యాసంలో బడి కొత్త భవనం కట్టిన సంవత్సరం తప్పు పడిందనుకోండి. ఒక్కచోట దిద్దితే పుస్తకంలోనూ, వెబ్‌లోనూ దిద్దుబాటు అవుతుంది. రెండు కాపీలు దగ్గర పెట్టుకుని ఏది సరైనదో తేల్చుకునే బాధ తప్పుతుంది.

ఇక అసలు విషయం. ఒక్కొక్క ఫైలునూ చేత్తో మార్చుకుంటూ కూర్చుంటే పదిహేను వ్యాసాలకే ఓపిక అయిపోతుంది. అందుకని ఆర్గ్ మోడ్‌లో పబ్లిషింగ్ ప్రాజెక్టు అనే ఏర్పాటు ఉంది. దీన్ని మొదట రాసినవారు డేవిడ్ ఓటూల్. ప్రాజెక్టు అంటే ఏమీ లేదు, నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులు.

మొదటి ప్రశ్న: రాతలు ఏ ఫోల్డరులోంచి తీసుకోవాలి? దీన్ని బేస్ డైరెక్టరీ అంటారు.

రెండో ప్రశ్న: ఆ ఫోల్డరులో ఏ ఫైళ్లు తీసుకోవాలి? ఏమీ చెప్పకపోతే ఆర్గ్ ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది. లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్లమంటే రికర్సివ్ అని చెప్పాలి. ఫలానా పేరున్నవి వద్దంటే ఎక్స్‌క్లూడ్ అని రాయాలి.

మూడో ప్రశ్న: తయారైన పేజీలు ఎక్కడ పెట్టాలి? ఇది పబ్లిషింగ్ డైరెక్టరీ. ఇది మన ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు కావచ్చు, దూరంలోని సర్వరూ కావచ్చు.

నాలుగో ప్రశ్న: ఏ రూపంలోకి మార్చాలి? వెబ్ పేజీకి ఒక ఫంక్షను, పీడీఎఫ్‌కు ఒకటి, ఫోటోలను మార్చకుండా ఉన్నవున్నట్టు కాపీ చెయ్యడానికి ఇంకొకటి.

ఈ నాలుగు జవాబులకు ఒక పేరు పెడితే అది ఒక ప్రాజెక్టు. అలాంటి ప్రాజెక్టులు ఎన్నైనా ఒకే సెట్టింగుల జాబితాలో రాసుకోవచ్చు. ఆపైన కంట్రోల్-సి, కంట్రోల్-ఇ నొక్కి, క్యాపిటల్ పి, తర్వాత ఎక్స్ కొడితే “ఏ ప్రాజెక్టు?” అని అడుగుతుంది. పేరు చెబితే చాలు. అంతకు ముందు తయారైనవాటి తేదీలు గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత మారిన ఫైళ్లనే మళ్లీ తయారుచేస్తుంది.

మన సంఘానికి నాలుగు ప్రాజెక్టులు పెట్టాం. మొదటిది ‘వెబ్’. ‘రచనలు’ అనే ఫోల్డరులోని వ్యాసాలు వెబ్ పేజీలవుతాయి. రెండోది ‘బొమ్మలు’. ఫోటోలు యథాతథంగా కాపీ అవుతాయి. మూడోది ‘పుస్తకం’. అందులో ఒకటే ప్రధాన ఫైలు. ఏ వ్యాసం తర్వాత ఏ వ్యాసం రావాలో అందులో వరసగా ఇన్‌క్లూడ్ పంక్తులు ఉంటాయి. అది పీడీఎఫ్ అవుతుంది. తెలుగు కాబట్టి దీని వెనక పనిచేసే లేటెక్‌లో జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ ఎంచుకుని, తెలుగు ఫాంటు పేరు ఇవ్వాలి. మామూలుగా వచ్చే పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు అచ్చుకాదు. నాలుగోది ‘సభ్యులు’. చిరునామాలు, ఫోన్లు, రక్తం గ్రూపులు ఉన్న పట్టిక. ఇది కార్యదర్శి గారి ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరులోకి పీడీఎఫ్‌గా వస్తుంది. దాని జవాబుల్లో సర్వరు పేరే లేదు.

‘వెబ్’, ‘బొమ్మలు’ రెండూ కలిసే వెళ్లాలి కాబట్టి, వాటిని కలిపి ‘సైటు’ అని ఇంకో పేరు పెట్టాం. దీన్ని కాంపొనెంట్స్ అంటారు. ‘సైటు’ అంటే రెండూ నడుస్తాయి. ‘సభ్యులు’ను అందులో చేర్చలేదు, ఎప్పటికీ చేర్చకూడదు.

“ఇంత తతంగం ఎందుకు? ఒకే ప్రాజెక్టు పెట్టి, వద్దన్నవాటిని మినహాయిస్తే సరిపోదా?” అని కమిటీలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. సరిపోదు. మినహాయింపు అంటే, చెప్పిందొక్కటే ఆగుతుంది, చెప్పనిదంతా వెళుతుంది. ఎక్స్‌క్లూడ్ ఫైలు పేరును చూస్తుంది, లోపలి సంగతిని చూడదు. ‘సభ్యులు’ అనే పేరును ఆపమని రాశాం అనుకోండి. వచ్చే ఏడాది ఇంకొకరు అదే పట్టికను ‘చిరునామాలు’ అని కొత్త పేరుతో దాచుకుంటారు. అది ఆగదు. పైగా బేస్ డైరెక్టరీగా అన్నిటికీ పైనున్న పెద్ద ఫోల్డరును ఇచ్చి, రికర్సివ్ అన్నారంటే, కింద ఉన్న ప్రతి ఫోల్డరులోకీ అది దూరుతుంది.

అందుకని మనది తిరగేసిన పద్ధతి. వెబ్‌కు వెళ్లాల్సినవి మాత్రమే ‘రచనలు’లో ఉంటాయి. బేస్ డైరెక్టరీ అదొక్కటే. మిగతావన్నీ దాని లోపల కాకుండా దాని పక్కన ఉంటాయి. ఒక రచన వెబ్‌కు వెళ్లాలంటే ఎవరో ఒకరు కావాలని దాన్ని అక్కడికి తీసుకెళ్లి పెట్టాలి. మరిచిపోతే ఏమవుతుంది? వెబ్‌లో ఒక వ్యాసం కనిపించదు. రచయిత ఫోను చేసి “నాది ఏదీ?” అంటారు, పెడతాం. మినహాయింపు పద్ధతిలో మరుపు వస్తే ఫోను చేసేది ఇంకెవరో. అప్పటికి చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చెబుతాను. మనకు పాఠాలు చెప్పిన ఒక టీచరు గారు తన జ్ఞాపకాలు రాసిచ్చారు. పది పేజీల వ్యాసం, చాలా బాగుంది. అందులో ఒక భాగం ఒకప్పటి విద్యార్థి ఇంటి పరిస్థితి గురించి. ఏమిటన్నది నేనిక్కడ చెప్పను. టీచరు గారు ఆ విద్యార్థిని స్వయంగా అడిగి, ఒప్పించి రాశారు. కాగితాలు నా చేతికిస్తూ ఒక్కటే మాట అన్నారు. “పుస్తకంలో ఉండనీ నాయనా, అది చదివేది మనవాళ్లే. నెట్‌లో మాత్రం వద్దు. వాళ్ల పిల్లలకు పెళ్లీడు వచ్చింది.”

ఇందులో న్యాయం ఉంది. పుస్తకం మన ఇళ్లలో, మన బీరువాల్లో ఉంటుంది. వెబ్ పేజీ అలా కాదు. ఎవరో పేరు కొట్టి వెతికితే, సందర్భం ఏమీ లేకుండా, ఆ ఒక్క పేరా వాళ్ల ముందుకొస్తుంది.

పది పేజీల్లో ఒక్క భాగం కాబట్టి వ్యాసం మొత్తాన్ని వెబ్‌లోంచి తీసేయలేం. వేరు కాపీ చేసుకుంటే మళ్లీ రెండు కాపీల బాధ. ఆర్గ్ మోడ్‌లో ప్రతి శీర్షిక చివర ట్యాగు పెట్టుకోవచ్చు. ‘నోఎక్స్‌పోర్ట్’ అనే ట్యాగు పెడితే ఆ భాగం, దాని కింది ఉపశీర్షికలతో సహా, ఏ రూపంలోనూ బయటికి రాదు. అది ముందునుంచీ ఉన్న ఏర్పాటు. మనం దానికి తోడుగా ‘బుక్‌ఓన్లీ’ అని సొంత ట్యాగు పెట్టుకున్నాం. ‘వెబ్’ ప్రాజెక్టులో ఎక్స్‌క్లూడ్ ట్యాగ్స్ అనే చోట దాన్ని రాశాం. ‘పుస్తకం’ ప్రాజెక్టులో రాయలేదు. ఫైలు ఒక్కటే. పుస్తకంలో పది పేజీలూ వస్తాయి, వెబ్‌లో ఆ భాగం తప్ప మిగతాది వస్తుంది. టీచరు గారికి ఇచ్చిన మాట ఇప్పుడు సెట్టింగుల ఫైలులో ఒక పంక్తి. నేను ఊళ్లో లేకపోయినా ఆ పంక్తి ఉంటుంది.

అయితే ఈ పనిలో తెలిసి ఉండాల్సిన మెలికలు కొన్ని ఉన్నాయి. రేపు చేసేవాళ్లు దయచేసి రాసుకోండి.

ఒకటి. ప్రాజెక్టులో ఎక్స్‌క్లూడ్ ట్యాగ్స్ అని మనం సొంత జాబితా ఇస్తే, ముందునుంచీ ఉన్న జాబితా స్థానంలోకి మనది వస్తుంది. దానికి కలవదు. కాబట్టి ‘బుక్‌ఓన్లీ’ ఒక్కటే రాస్తే ‘నోఎక్స్‌పోర్ట్’ పెట్టిన భాగాలు బయటపడతాయి. రెండూ రాయాలి.

రెండు. ఫైలు లోపల రాసిన ఐచ్ఛికాలు ప్రాజెక్టు సెట్టింగులను దాటేస్తాయి. ఒక వ్యాసం పైభాగంలో ఎవరైనా సొంతంగా ఎక్స్‌క్లూడ్ ట్యాగ్స్ పంక్తి రాస్తే ఆ ఫైలుకు అదే చెల్లుతుంది. అందుకని వ్యాసాల ఫైళ్లలో శీర్షిక, రచయిత పేరు, భాష తప్ప వేరే ఐచ్ఛికాలు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం.

మూడు. సెట్టింగు మార్చినంత మాత్రాన పాత పేజీ మారదు. వ్యాసం ఫైలు మారలేదు కదా, మళ్లీ తయారుచెయ్యక్కర్లేదని అది అనుకుంటుంది. ప్రాజెక్టులో ఏది మార్చినా అన్నిటినీ మళ్లీ తయారుచెయ్యమని గట్టిగా చెప్పాలి. కంట్రోల్-యు ముందు నొక్కి, మెటా-ఎక్స్‌తో ఆర్గ్-పబ్లిష్ అనే ఆదేశం ఇస్తే ఆ పని జరుగుతుంది.

నాలుగు. ‘రచనలు’లోంచి ఒక ఫైలు తీసేస్తే, అంతకుముందే తయారైన వెబ్ పేజీ తనంతట తాను పోదు. నోటీసు బోర్డు మీద కాగితం ఎవరో ఒకరు చింపితేనే పోతుంది, ఇదీ అంతే. సర్వరు మీద కూడా చేత్తో తీసెయ్యాలి.

ఐదు. ఇన్‌క్లూడ్ పంక్తికి ఫోల్డరు గోడలు తెలియవు. ‘రచనలు’లోని వ్యాసంలో ఎవరైనా ‘సభ్యులు’ ఫోల్డరులోని పట్టికను ఇన్‌క్లూడ్ చేస్తే, అది వచ్చి ఆ పేజీలో కూర్చుంటుంది. కాబట్టి వ్యాసాల్లో ఇన్‌క్లూడ్ వాడొద్దు. పుస్తకం ప్రధాన ఫైలులో మాత్రమే వాడాలి.

ఆరు. ఫోటోలు ఉన్నవున్నట్టు కాపీ అవుతాయని చెప్పాను. సెల్‌ఫోనులో లొకేషన్ తెరిచి ఉంచి తీసిన ఫోటో లోపల, అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండవచ్చు. ఇంటి దగ్గర తీసిన ఫోటో అయితే ఇంటి చిరునామా ఇచ్చినట్టే. ‘బొమ్మలు’లో పెట్టేముందు ఆ సమాచారం తుడవాలి.

ఏడు. ఆర్గ్ ఫైళ్లను యథాతథంగా వెబ్‌లో పెట్టకూడదు. ట్యాగులు పనిచేసేది మార్చేటప్పుడే. అసలు ఫైలు పెట్టేస్తే దాచినదంతా అందులోనే ఉంటుంది.

ఇన్ని చెప్పానని బెదరకండి. వీటికి విరుగుడుగా మూడు అలవాట్లు చాలు. మొదటిది, ‘సైటు’ను ముందు మన ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరులోకే తయారుచేస్తాం. నేరుగా సర్వరుకు పంపం. రెండోది, సైట్‌మ్యాప్ చదువుతాం. ఆటో సైట్‌మ్యాప్ అనే ఏర్పాటు పెట్టుకుంటే ప్రాజెక్టులోని పేజీలన్నిటికీ విషయసూచిక తయారవుతుంది. దాన్ని హాజరు పిలిచినట్టు ఒక్కొక్క పేరూ చదివితే, పిలవని పేరంటం వచ్చిన ఫైలు అక్కడే దొరికిపోతుంది. మూడోది, తయారైన పేజీలన్నిటిలో వరసగా పది అంకెలున్న సంఖ్య కోసం వెతుకుతాం. ఉంటే అది చాలావరకు సెల్ నంబరే. మామూలు టెక్స్ట్ కాబట్టి ఈ వెతుకులాటకు నిమిషం కూడా పట్టదు. కంప్యూటరు బాగా తెలిసినవాళ్లు ఈ తనిఖీని ప్రాజెక్టులోనే ప్రిపరేషన్ ఫంక్షనుగా రాసుకోవచ్చు. అలా రాస్తే మూల ఫైళ్లలో నంబరు కనపడగానే పని ముందుకు సాగకుండా ఆపవచ్చు.

నేను మరీ పొగుడుతున్నానని అనుకోవద్దు. ఈ పద్ధతి అందరికీ కాదు. ఈమాక్స్ మొదటి వారం రోజులు చిరాకు పెడుతుంది. మన గురువుల్లో చాలామంది కాగితం మీదే రాసిస్తారు, రాయాలి కూడా. కొందరు మిత్రులు వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపుతారు, అదీ మంచిదే. రచయితలెవరూ ఆర్గ్ మోడ్ నేర్చుకోనక్కర్లేదు. టైపు చేసేవాళ్లు నక్షత్రం ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటే చాలు. ప్రాజెక్టుల సంగతి ఇద్దరు ముగ్గురికి తెలిస్తే చాలు. కానీ ఒక్కరికే తెలిసి ఉండకూడదు. అందుకే సెట్టింగుల ఫైలులో ప్రతి పంక్తి పక్కన అది ఎందుకు ఉందో తెలుగులో రాసి పెట్టాం. “ఇది తీసేస్తే ఫలానా భాగం బయటపడుతుంది, తీసే ముందు రచయితను అడగండి” అని ఉంటుంది. అందులో రహస్యాలేవీ లేవు, కారణాలే ఉన్నాయి. ఆ ఫైలు ప్రతి ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి కార్యదర్శి దగ్గర ఉంటుంది.

ఇంకో మాట. ఏది ఎవరికి చూపాలన్నది కంప్యూటరు తేల్చదు. మనం తేల్చి చెబితే తు.చ. తప్పకుండా పాటిస్తుంది, అంతే. తేల్చకుండా దానికి వదిలేస్తే, అదీ తు.చ. తప్పకుండా అన్నీ బయటపెడుతుంది. కాబట్టి ప్రాజెక్టులు రాసే పని కంప్యూటరు ముందు మొదలవదు. రచయిత ముందు కూర్చుని “ఇది ఎవరు చదవాలనుకుంటున్నారు?” అని అడగడంతో మొదలవుతుంది.

అందుకే మీ కుర్చీల్లో ఒక చిన్న చీటీ పెట్టాం. అందులో మూడు గడులు. “పుస్తకానికి”, “వెబ్‌సైటుకు”, “సంఘం లోపల మాత్రమే”. మీరు రాసిచ్చే వ్యాసానికి, ఇచ్చే ఫోటోకు, మీ ఫోను నంబరుకు విడివిడిగా టిక్కు పెట్టండి. ఏ గడిలోనూ టిక్కు లేకపోతే అది సంఘం లోపల మాత్రమే అని మేం లెక్కవేసుకుంటాం. ఫోటోలో మీతోపాటు ఇంకెవరైనా ఉంటే, వీలైనంతవరకు వాళ్లనూ ఒకమాట అడగండి. రేపు మనసు మారితే చెప్పండి. వెబ్‌లో మార్చడం మా చేతిలో పని. అచ్చయిన పుస్తకంలో మార్చలేం కాబట్టి, ఆ గడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆలోచించండి.

రెండో విన్నపం. పాత సంచికల్లోని వ్యాసాలను మళ్లీ యూనికోడ్‌లో టైపు చేయించాలి. అవి రాసినవారిలో కొందరు గురువులు ఇప్పుడు మన మధ్య లేరు. వాళ్ల అక్షరాలు కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేవు. తెలుగు టైపింగు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తలా రెండు వ్యాసాలు తీసుకుంటే పెద్ద పనేమీ కాదు. లేనివారి తరఫున చీటీలో టిక్కు పెట్టాల్సింది వాళ్ల కుటుంబ సభ్యులు. వాళ్లను కలిసి అడిగే బాధ్యత కమిటీది. అనుమతి వచ్చేదాకా ఆ వ్యాసాలు ‘రచనలు’ ఫోల్డరులోకి వెళ్లవు. టైపు చేసి, పక్కన భద్రంగా ఉంచుతాం.

ఈ సంఘం ఇంకో యాభై ఏళ్లు నడవాలి. అప్పటికి ఈ కంప్యూటర్లు ఉండవు, ఈ పనిముట్టు ఉండకపోవచ్చు. మామూలు టెక్స్ట్‌లో ఉన్న తెలుగు ఉంటుంది. దాని పక్కన, ఎవరి రాతను ఎంతదాకా తీసుకెళ్లవచ్చో రాసిపెట్టిన కాగితమూ ఉండాలి. రెండూ అప్పగిస్తేనే మనం అప్పగించినట్టు.

చీటీలు నింపి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరున్న పెట్టెలో వెయ్యండి. టైపు చెయ్యడానికి ముందుకొచ్చేవారు భోజనాల తర్వాత పదో తరగతి గదికి రండి. పాత సంచికలు అక్కడే బల్ల మీద పెట్టాం.